ఏడు రంగుల అట్ట

ఇక్కడ ప్రతి తల్లికీ ఒక చిన్న పుస్తకం ఇస్తారు.
టీకాలు, బరువు, మొదటి పన్ను.
వాటి మధ్య ఒక అట్ట,
అట్ట మీద ఏడు రంగులు.
ఇంద్రధనుస్సు కాదు,
పసిబిడ్డ దొడ్డికి వెళ్తే రావాల్సిన రంగులు, రాకూడని రంగులు,
సున్నపు తెలుపు నుంచి ముదురు ఆకుపచ్చ దాకా
వరస నంబర్లతో.

మిజుహో ఆ పేజీని రోజూ దాటేసింది.
పచ్చి బాలింత. నిద్ర లేదు.
బిడ్డ పసుపు రాసినట్టుందంటే
ముద్దుగా ఉందనుకున్నారు అందరూ.

పట్టుకున్నది అత్తగారు తొకియె.
నలభై ఏళ్లు ఆల్చిప్పలు ఒలిచిన చేతులు.
చిప్ప తెరవకుండానే
లోపలిది బతికుందో లేదో చెప్పగలదు.
డైపర్ విప్పి, కిటికీ దగ్గర మంచు వెలుగుకి పట్టి,
"ఇదేంటి, టోఫు పిండగా మిగిలిన పిప్పిలా ఉంది" అంది.
అట్ట పక్కన పెట్టి చూశారు.
రెండో నంబరు.
ఆ వేళకి ఇతోహకి యాభై మూడు రోజులు.

ఇషినోమాకి నుంచి సెందాయ్‌కి రైల్లో గంట.
కోహెయ్ తెప్పల మీంచి అలాగే వచ్చేశాడు,
రబ్బరు బూట్లతో, ఉప్పు వాసనతో.

నా ఉద్యోగం ఆ ఆసుపత్రి ల్యాబులో,
నేల కింద అంతస్తు.
నాకు పిల్లలు కనిపించరు. గొట్టాలు కనిపిస్తాయి.
యంత్రం తిరిగి ఆగాక
నెత్తురు మీద తేరిన నీరు
ఎండుగడ్డి రంగులో ఉండాలి.
ఆ గొట్టంలో మాత్రం
పెళ్లికూతురి కాళ్లు కడిగిన పసుపునీళ్లు.

చీటీ మీద చెయ్యబోయే ఆపరేషన్ పేరుంది.
కనిపెట్టినాయన ఇంటిపేరే దానికి పెట్టారు.
కసాయి.
మొదటిసారి చదివినప్పుడు నా చెయ్యి ఆగింది.
మా భాషలో ఆ మాట చేతిలో కత్తి ఉంటుంది, జాలి ఉండదు.
ఇక్కడ అదే మాట వినపడితే
తల్లులు లేచి, నడుం వంచి నమస్కరిస్తారు.

డాక్టర్ నీనుమా కాగితం మీద బొమ్మ గీసిందట:
ఇది కాలేయం. ఇక్కణ్ణుంచి పిత్తం దిగాలి.
దారి పీచుకట్టుకుపోయింది,
దిగలేని పిత్తం పుట్టిన ఇంటినే కాలుస్తోంది.
ఆ పీచు కోసేస్తాం, గుమ్మం దాకా.
ఇంకా లోతుకి పోతే మచ్చ పడుతుంది,
పైపైన కోస్తే దారి తెరుచుకోదు.
కంటికి ఆనని రంధ్రాలు.
తర్వాత పేగుని పైకి తెచ్చి
అక్కడే కుట్టేస్తాం.

తొకియె తల ఊపింది.
"చిప్పలో కత్తి దించినట్టే.
పట్టు తెగాలి, కండ తెగకూడదు."

పేగుబంధం అన్న మాట
నేను ఎన్నిసార్లు ఊరికే వాడేశానో.
దాన్ని దారంతో, భూతద్దం కింద,
ఒక్కో కుట్టూ వేస్తారని తెలీదు.

ఆరున్నర గంటలు.
ఆ తర్వాత రోజులు.
మూడో రోజు పిప్పి.
ఐదో రోజూ పిప్పే.
అంకెలు నా తెర మీద ఎక్కలేదు, దిగలేదు.
మిజుహో అట్టని దిండు కింద పెట్టుకుని పడుకుంటోందని
నర్సు చెప్పింది.

ఎనిమిదో రోజు
కిట్లు ఇవ్వడానికి పైకి వెళ్లాను.
వరండాలో ఒక ముసలామె
ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ ఆపి
మడిచిన డైపర్ తెరిచి చూపిస్తోంది.
తుడుచుకునే అతనికి. పూలు తెచ్చినావిడకి. నాకు.
"చూడండి, ఐదో నంబరు."
చూశాను. ముక్కు మూసుకోలేదు.

మా భాషలో కామెర్లూ పచ్చే, చిగురూ పచ్చే.
ఏ పచ్చో చెప్పకుండానే
ఎన్ని తరాలు నెట్టుకొచ్చామో!

నయమైందని డాక్టర్ అనలేదు.
జ్వరం రావచ్చు, మళ్లీ దారి పూడవచ్చు,
ఏదో ఒక ఏడు కొత్త కాలేయం కావలసి రావచ్చు.
కోహెయ్ ఏమీ అడగలేదు.

గురువారం నా బల్ల మీదికి ఒక గొట్టం వచ్చింది.
పేరు ఆయనది.
ఎవరూ ఇమ్మనలేదు, తనే ఇచ్చి వెళ్లాడట
పడవ వేళ మించిపోతోందని.
పైన తేరిన నీరు ఎండుగడ్డి రంగు.
గ్రూపు కలిసింది.
చీటీ నేనే అంటించాను,
ఒక్క ముడత లేకుండా.