తేరిన పిండి

బొజేనా అంటే నోరు తిరగలే మా అత్తమ్మకు.
రెండో రోజుకే భోజనమ్మ అయింది.
కొత్తవాడ సందుల, మా మేడ మీది అర్రల,
జంపఖానా అంచు లెక్క నేర్చుకుంటనని వచ్చి
నలభై రోజులున్నది పోలండు పిల్ల.
పిల్లంటే పిల్ల కాదు, యాభై దాటినయి.
మగ్గం గుంటల దిగితే
మళ్ల ఇద్దరం పట్టి లేపాలె.

పది రోజులు మా పచ్చిపులుసు ఓపికగ తిన్నది.
పదకొండో నాడు ముసురు.
కరెంటు లేదు, వాడల మగ్గం సప్పుడు లేదు.
చున్నీ నడుముకు బిగించి
"ఇయ్యాల నేను" అన్నది, తెలుగులనే.

లక్ష్మీపురం మార్కెట్ల తెచ్చిన రెండు కిలోల ఆలుగడ్డ.
మట్టి కడిగి, తొక్క తీసి,
కొబ్బరి తురిమే రేకు మీద రాకుతుంటే
వేలి కణుపు గీసుకపోయింది.
వేలు నోట్ల పెట్టుకొని నవ్వింది.
వాళ్ల దిక్కు ఈ వంటల అదీ ఒక దినుసేనట.

తురుమును గుడ్డల మూటగట్టి పిండింది.
గుడ్డ మాదే, నేత తప్పి
అమ్ముడుపోని తువ్వాల.
నీళ్లు ఎర్రగ దిగి, చూస్తుండంగనే నల్లబడ్డయి.
పారబొయ్య వంగితే నా చెయ్యి పట్టుకున్నది.

ఆగినం.
రేకుల మీద వాన.
కొంతసేపటికి పైనీళ్లు మెల్లగ వంచితే
గిన్నె అడుగున
తెల్లగ, గట్టిగ,
వేలు పెడితే కిర్రుమనే పిండి.

"గంజి!" అన్నది అత్తమ్మ.
పొద్దటి నుంచి గడప దాటి లోపలికి రాని మనిషి
వచ్చి, చిటికెడు తీసి,
రెండు వేళ్ల నడుమ రాసి చూసింది,
పడుగుకు పట్టించే ముందర చూసినట్టు.
భోజనమ్మ తన మెడ చుట్టూ వేలు తిప్పింది,
అరచెయ్యి గాలిల ఇస్త్రీపెట్టె లెక్క తోసింది.
వాళ్ల నానమ్మ కాలర్లకు పెట్టే గంజి ఇదే కావొచ్చు.
ఇద్దరికీ కలిసిన మాట ఒక్కటి లేదు.
ఇద్దరూ తలలూపుకున్నరు.

ఉల్లిగడ్డ, గుడ్డు, గుప్పెడు పిండి, ఉప్పు, మిరియం.
తేరిన పిండి మళ్ల అందుల్నే కలపాలె,
అదే పట్టి ఉంచేది.
మొదటి అట్టు పెనం మీద ఇరిగింది.
రెండోదీ ఇరిగింది.
భోజనమ్మ గిన్నె దిక్కు చూసింది,
అత్తమ్మ గోడ దిక్కు చూసింది.
ఇంకో గుడ్డు కొట్టినంక నిలిచినయి,
అంచులు గోధుమ రంగు జాలీ లెక్క,
నడుమ మెత్తగ.
గుడ్డల ఏలాడగట్టిన పెరుగు, పైన సోయకూర.

"ఉప్పు తప్ప ఏం పడలే దీంట్ల"
అని అత్తమ్మ చింతతొక్కు జాడీ దించింది.
భోజనమ్మ అద్దుకొని తిని
కండ్ల నీళ్లు తుడుచుకుంట ఆరు లాగించింది.

ఇంకోనాడు గరిజెలు చేసింది.
అంటే మేం గరిజెలనుకున్నం.
కొరికితే బెల్లం లేదు, కొబ్బరి లేదు,
ఆలుగడ్డ ముద్ద, ఇరిగిన పాల ముద్ద.
నూనెల గోలియ్యలే, నీళ్లల్ల ఉడకబెట్టింది.
"ఇది పండుగనా, పథ్యమా?" అన్నడు మా మార్కండయ్య,
అనుకుంటనే తొమ్మిది తిన్నడు.

ఆమె పోయి రెండు వానకాలాలు.
ఇయ్యాల మళ్ల ముసురు పట్టింది,
నేనొక్కదాన్నే తురుముతున్న.
అత్తమ్మ గడపల కూసుండి
ఎవలితోనో చెప్పినట్టు చెప్పింది:
ఆనాడు సగం పిండి తనే తీసిందట,
కాచి, జానెడు మేర ఎర్ర పడుగుకు పట్టించిందట.
"ఒక్క పోగు తెగలే" అన్నది.

ఆ జంపఖానా పరకాల టెంటు దుకాణపాయన కొన్నడు.
ఏ పెండ్లి బంతి కింద పరిచిండో,
ఆ జానెడు మీద ఎవలు కూసుండి
ఇంకింత పప్పు వెయ్యమన్నరో.

అత్తమ్మ చెయ్యి మళ్ల గిన్నె దిక్కు వస్తున్నది.
గిన్నె నా దిక్కు జరుపుకున్న.
నీళ్లు ఇంకా తేరలే.