అవతలి రేవు

మావాళ్లంతా లైసెన్సు కోసం
పద్దెనిమిది ఎప్పుడు నిండుతుందా అని చూస్తారు.
నేను ఒక బొట్టు నెత్తురు కోసం చూశాను.
ఒక్కరోజు తక్కువైనా నాన్న సంతకం కావాలంట.
మార్కుల కార్డు మీదే అడగలేక
దొంగ సంతకం నేర్చుకున్నవాణ్ణి,
ఈ కాగితం ఏ మొహంతో చూపిస్తాను?

తీర్థంలో పచ్చబొట్టు. ఐదుగురం.
ఒకటే సూది, ఒకటే సిరా గిన్నె.
"కడిగాడు కదరా" అన్నాడు బుల్లిరాజు
నీళ్ల గ్లాసు చూపించి.
నా మోచేతి మీద తేలు బాగానే కుదిరింది.
మొన్న డిసెంబరు ర్యాలీలో
మైకు చెప్పింది వింటుంటే
కుట్టడం మొదలెట్టింది.

"టెస్టుకెళ్లావంటే ఉన్నట్టే లెక్క"
అంటాడు ప్రభుకిరణ్.
"మనకెందుకొస్తదిరా, లారీ డ్రైవర్లమా?"
అన్నాడు బుల్లిరాజు,
వాళ్ల నాన్న తోలేది లారీయేనని మర్చిపోయి.
చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

రాజోలు ఆస్పత్రిలో చీటీలు రాసేది మా వీధి కుర్రాడే.
జొరానికొచ్చినోళ్లు కూడా
ఆ గది గుమ్మం ముందు నడక పెంచుతారు.
అందుకని సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను.
గోదారి దాటితే జిల్లా మారుతుంది,
మొహాలూ మారతాయనుకున్నాను.
పంటు మీద నాలుగు బళ్లు, రొయ్యల తట్ట,
కళ్లదాకా చున్నీ చుట్టిన ఒక పిల్ల.

నరసాపురం ఆస్పత్రి బల్లకి
ఈ చివర నేను, ఆ చివర చున్నీ.
దించితే హెప్సీబా.
ఆ ర్యాలీలో అట్ట పట్టుకుని ముందు నడిచింది తనే.
ఎలా వస్తుందో, ఎలా రాదో
గుక్క తిప్పుకోకుండా చెప్పి
స్టీలు క్యారేజీ గెలుచుకుంది.
తనెందుకొచ్చిందో నేనడగలేదు.
నా మోచేతి వంక తను చూడలేదు.
ఇంత మర్యాద మాకెవరూ నేర్పలేదు.

"ఒక్కడివే వచ్చావా నాన్నా?" అంది లోపల మేడమ్.
"ఆయ్" అన్నాను.
పంటు మీద కట్టుకున్న దొంగ పేరు
నాలిక చివరిదాకా వచ్చి ఆగింది.
నా పేరే చెప్పాను.
సూది ప్యాకెట్టు నా కళ్లముందే చింపారు.
తీర్థంలో వినాల్సిన చప్పుడు అది.

తిరుగు పంటులో పోటు నీళ్లు.
నా కాగితం జేబులో, తనది సంచిలో.
మడతల్లో ఏముందో మీరడక్కండి,
మేమే ఒకర్నొకరం అడగలేదు.
రేవులో కొన్న తేగల కట్ట విప్పి
ఒకటి నిలువునా చీల్చి
చందమామ తీసి నా చేతిలో పెట్టింది.
చిన్నప్పుడు దానికోసం
అన్నదమ్ములం కొట్టుకునేవాళ్లం.
చప్పగా, చివర్లో కొంచెం తియ్యగా ఉంది.

మంగళవారం బుల్లిరాజుని తీసుకురావాలి.
"పడవ ఖర్చెందుకు, రాజోలే పోదాం"
అంటాడేమో వాడు.
నాకింకా అంత గుండె లేదు.