తిమింగలం గడి

తప్పు ఫారాలు వచ్చినయి.
సముద్రపు జిల్లాల కోసం అచ్చేసిన కట్ట
ఎవరు పంపిండ్రో, హన్మకొండ ఆఫీసుల దిగింది.
అలల ఎత్తు, ఆటుపోటు, నీళ్ల ఉప్పదనం,
సముద్రపు కాకులు ఎన్ని, డాల్ఫిన్లు ఎన్ని,
అన్నిటికన్న కింద
తిమింగలానికి ఒక పెద్ద గడి.

"ఉన్నదాంట్లనే రాద్దాం" అన్నది నసీమా మేడం.

పుష్యమాసం చలి.
లక్నవరం మీద మంచు
గిన్నెల పాలమీగడ లెక్క కదలకుండ ఉన్నది.
కొమ్మాలు పడవల నీళ్లు పెయింటు డబ్బాతోని తోడుకుంటనే అడిగిండు,
"పిట్టలను లెక్కవెడితె సర్కారు పైసలిస్తదా?"
ఇయ్యది, అన్నం. బస్సు చార్జీ గూడ మాదే.
అప్పటినుంచి మా మీద జాలి పుట్టినట్టుంది,
లైఫ్‌జాకెట్లల్ల ఆరినయి ఏరి ఇచ్చిండు.

అలల ఎత్తు: మా పడవ లేపినంత.
ఆటుపోటు: తూము ఎత్తితె ఆటు, వాన వడితె పోటు.
ఉప్పు: కొమ్మాలు సద్దిల పచ్చిపులుసుకు ఉన్నంత.

మొదటి గడ్డ కాడ
నీళ్లల్ల నిలువునా ఎండిన మద్దిచెట్టు.
దాని మీద నలభై ఒక్క నీటికాకులు
రెక్కలు ఇప్పి ఆరవెట్టుకుంటున్నయి.
చేతులెత్తి నిలబడ్డోళ్ల లెక్క, అన్న నేను.
"గట్ల నిలబడ్డ మనుషులను గుడ చూసిన
ఒకప్పుడు, గీ గడ్డల మీదనే"
అన్నడు కొమ్మాలు.
ఇంజన్ చప్పుడు జర పెంచిండు.
దానికి ఫారంల గడి లేదు.

రెండో గడ్డ దాటినంక
తెల్లగ ఒక్కటే, నీళ్లను గీరుకుంట పోయింది.
దూరదర్శిని నా చేతికి వచ్చేలోపు తిరిగి వచ్చింది,
ఎర్ర కాళ్లు, కంటెనక బొట్టంత మచ్చ.
సముద్రపు కాకి.
మంచుకొండల అవతలి చెరువులల్ల పుడుతదట,
చలికి ఉప్పునీళ్లు ఎతుక్కుంట దిగుతదట.
"తొవ్వ తప్పిందా?"
"లేదు, తొవ్వల ఆగింది" అన్నది మేడం,
"జనగాం కాడ బస్సు దిగి చాయ్ తాగినట్టు."
రాసినం: ఒకటి.
ఆ గడి ఒక్కటే మా చేతుల నిజంగ నిండింది.

"గా డాల్ఫిన్ అంటె ఎట్లుంటది?"
మేడం ఫారం వెనకకు తిప్పి బొమ్మ గీసింది.
చాప లెక్కనే ఉంటది గని చాప కాదు,
పిల్లను కంటది, పాలిస్తది,
ఊపిరికి మీదికి రావాల్సిందే.
కొమ్మాలు బొమ్మను ఎటో తిప్పి చూసిండు.
"తోక సంగతి నాకు ఎరుక లేదు గని
గీ గుణాలదొకటి మా కాడ ఉన్నది."

ఇంజన్ బందువెట్టిండు.
తెడ్డు మీద మూడో గడ్డ వెనకకు.
బండ మీద చాప పొలుసులు, జిడ్డు వాసన.
ఎంతసేపో.
మేడం తుమ్ము ఆపుకుంటున్నది.

ముందు బుడగలు.
తర్వాత మీసాలు.
నీటికుక్క! దాని ఎనక ఇంకో రెండు, చిన్నయి,
తల్లి నడుము మీదికి ఎక్కవోయి జారుతున్నయి.
తల్లి జెల్లను రెండు చేతులతోని పట్టుకొని
మక్కకంకి తిన్నట్టు
తలకాయకెల్లి తినుకుంట వచ్చింది.
కరకర మా దాక ఇనవడ్డది.

"పోయినేడు నా వల చింపింది గిదే.
రెండువేల ఎనిమిది వందలు బాకీ నాకు,"
అన్నడు కొమ్మాలు,
దానికి ఇనవడకుండ,
చెవుల చెప్పినట్టు.

ఒడ్డుకు వచ్చి ఫారం మోకాళ్ల మీద పెట్టుకున్నం.
డాల్ఫిన్లు: సున్న.
తిమింగలం గడి ఎడల్పుగ ఉన్నది గద,
అండ్ల రాసినం,
తల్లి ఒకటి, పిల్లలు రెండు, జెల్ల సగం.

"గడ్డ పేరు రాయకుండ్రి" అన్నడు,
తాడు చుట్టుకుంట, మా దిక్కు చూడకుండ.
"ఇంతకుముందొకలు రాసుకపోయిండ్రు.
ఆ గడ్డ మీద ఇప్పుడు అద్దాల రూములున్నయి,
రాత్రంత డీజే. అటుదిక్కు ఒక్క పొలుసు దొరకది."

స్థలం, అని ఉన్న కాడ
మేడం పెన్ను చాలాసేపు ఆగింది.
నీళ్ల దిక్కు చూసింది. కొమ్మాలు దిక్కు చూసింది.
గుండ్రటి అక్షరాలతోని
బంగాళాఖాతం, అని రాసింది.