పెంకులకి పట్టా

మార్చిలో కరెంటు కంపెనీ నుంచి ఉత్తరం.
మా ఇంటి కప్పు చదువు ముగించిందట.
హామీ ధర గడువు పదేళ్ళూ తీరితే
మా దగ్గర అలాగే అంటారు:
పట్టా పుచ్చుకుంది, అని.

చదువయ్యాక ఎవరికైనా జీతం పెరుగుతుంది.
మా పెంకులకి మాత్రం
యూనిట్‌కి నలభై ఎనిమిది యెన్‌లొచ్చే చోట
ఏప్రిల్ నుంచి ఎనిమిది.
తకెహిరో కళ్ళజోడు తుడుచుకుని
మిగతా నలభై ఎక్కడైనా ఇరుక్కుందేమోనని
కవరు దులిపి చూశాడు.

పదేళ్ళ కిందట, ఉయెదాలో, మంచు కరగని ఓ ఉదయం
సబ్సిడీ సొమ్ము అయిపోతుందేమోనని
మునిసిపల్ ఆఫీసు తలుపు తీయకముందే వెళ్ళాం.
వరసలో నాలుగోవాళ్ళం.
ఏడు కాగితాల మీద ఇంటిపేరు ముద్ర గుద్దాం.
కప్పు ఏ దిక్కు, వాలు ఎంత, పెంకుల వయసెంత,
అన్నిటికీ గడులున్నాయి.
మూడో సోలార్ పలక మీద మధ్యాహ్నం వాలే
మా అత్తగారి పెర్సిమన్ చెట్టుకి
గడి లేదు.
నీడ లేదని రాయాలంటే
చెట్టు లేకుండా ఉండాలి.
ఒక్క శనివారం పట్టింది.

ఆ తర్వాత పదేళ్ళు
పగటిని అమ్మి రాత్రిని కొనుక్కున్నాను.
పగటి యూనిట్ మా మీటరు దాటితే నలభై ఎనిమిది,
రాత్రి పదకొండు దాటాక కొంటే పన్నెండు.
ముప్ఫై ఆరు మిగిలే చోట
ఏ ఇల్లాలు పట్టపగలు బట్టలుతుకుతుంది?
అర్ధరాత్రి మెషీన్ తిప్పి
ఒంటిగంటకి చలిలో తడి దుప్పట్లు ఆరేసేదాన్ని.
ఆగస్టు మధ్యాహ్నాలు ఫ్యాన్ ఆపి
తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చుంటే
నెత్తి మీద పద్దెనిమిది పలకలు
చిల్లర లెక్కపెడుతున్నట్టుండేది.
అన్నం ఎప్పుడూ రాత్రి వండిందే.
తకెహిరో సాయంత్రం నోటుబుక్కులో అంకె వేసేవాడు.
మబ్బు పడితే మా ఇంట్లో మాటలు తగ్గేవి.
ఓ జూన్‌లో, వాన ఆగాలని
పక్కింటి సవనోబొరి గారి మనవరాలు
కిటికీకి గుడ్డబొమ్మ వేలాడదీస్తే
అరవై దాటిన ఈయన
దాని పక్కనే ఇంకోటి కట్టి వచ్చాడు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు.
దీపాన్ని అమ్మేసి
చీకట్లో చక్కబెట్టుకున్నాం మేం.
అబద్ధమెందుకు, అప్పు తీరింది.
వాయిదాలన్నీ ఎండే కట్టింది.

ఏప్రిల్ రెండో తారీఖు, మధ్యాహ్నం పన్నెండున్నర.
ఎనిమిదికి అమ్మి ముప్ఫైకి కొనడమేమిటని
లెక్కలు రాని నాకే తట్టింది.
రైస్ కుక్కర్ మీట నొక్కాను.
మెషీన్ తిప్పాను. ఇస్త్రీపెట్టె వేడెక్కించాను.
ఎవరైనా చూస్తున్నారేమోనని
ఒకసారి వీధివైపు చూశాను కూడా.
కుక్కర్ మూత తీస్తే
ఆవిరి మొహానికి కొట్టింది.
పదేళ్ళలో మొదటిసారి
మా ఎండ మా ఇంట్లోకి వచ్చింది.

బ్యాటరీ కంపెనీ కుర్రాడు ఆ వారమే దిగాడు.
కొత్త సబ్సిడీ ఉందట, నెలాఖరు దాకానేనట,
పగటిని రాత్రికి దాచుకోవచ్చట.
టీ ఇచ్చాను.
అతనిచ్చిన రంగుల కాగితాన్ని తకెహిరో
మడిచి నోటుబుక్కులో పెట్టుకున్నాడు.
ఆయన సంగతి నాకు తెలుసు.

సాయంత్రం కత్తెర పట్టుకుని పెరట్లోకి నడిచాడు.
ఆ మొద్దు పక్కన ప్రతి వసంతం చిగురు లేస్తుంది.
ప్రతి వసంతం కోసేస్తాడు.
అంటు కట్టిన చెట్టు పోయాక
వేరులోంచి వచ్చేది అడవిజాతే,
వగరు కాయలు తప్ప కాయదని ఆయన వాదన.
ఉండనీ, అన్నాను.
ఇది మూడో పలక దాకా ఎదగడానికి ఎన్నేళ్ళు?
పదిహేను, అన్నాడు.
అప్పటికి నాకు ఎనభై ఆరు.
యూనిట్ ఎనిమిది యెన్‌లే కదా,
ఆ మాత్రం నీడ మనం కొనుక్కోగలం.

ఆయన కత్తెర మూయలేదు, తెరవనూ లేదు.
నేను తీగ మీది బట్టలు తీసుకున్నాను.
అన్నీ ఆరిపోయాయి,
ఇంకా వెచ్చగానే ఉన్నాయి.