పందొమ్మిదో పాఠం

అహేరి కాలేజీ ఇచ్చిన ఉత్తరంల
నా పేరు తప్పు రాసిండ్రు, ఊరి పేరు సక్కగనే ఉంది.
కొర్లమెట్ట. జిల్లా పరిషత్ బడి. నలభై దినాలు.
నిరుటి వానకు వంతెన కొట్టుకపోయింది గనుక
ఎర్రబస్సు వాగు దాకనే వస్తది,
ఆపైన చెప్పులు చేతిల పట్టుకొని నడక.

మాది అంకీస. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ,
అంగట్ల రెండూ కలిపి.
రెండు భాషలున్నదాన్ని, ఇంకేం కావాలె అనుకున్న.

బోర్కుటే గురూజీ ఒక్కడే. నాలుగు తరగతులు, రెండు గదులు,
ఒక గదిల ఖిచిడీ బియ్యం, పాత ఓటరు జాబితాలు,
గుండ్లు పోయిన తరాజు.
నన్ను చూసి సంబరపడ్డడు,
పాఠం చెప్తనని కాదు,
తాలూకాకు పోయి బిల్లులు పెట్టుకొని రావచ్చని.

పాఠ్ టాచణ్‌కు నూరు పేజీల బుక్కు కొన్న.
ఎడమకు ఎర్రగీత, కుడికి నీలిగీత.
ఉద్దేశం, సామగ్రి, ప్రశ్న, ఆశించిన జవాబు.
రాత్రి టార్చి వెలుగుల కూచొని
పిల్లల నోటి మాటలు
ఆఖరి గడిల నేనే రాసిపెట్టేదాన్ని.

పందొమ్మిదో పాఠం నీళ్ళు.
ఒకటో తరగతి. ఒక స్టీలు గిలాస.
ఖోబ్రాగడే మేడం గోడకానుకొని కూచుంది,
మోకాళ్ళ మీద మార్కుల కాగితం.
గిలాస లేపి అడిగిన, హే కాయ్ ఆహే?
పదమూడు జతల కండ్లు
గిలాసను చూసినయి, నన్ను చూసినయి,
మేడం చేతి గడియారం మీద ఆగినయి.

సుక్కి తలాండి ముక్కు తుడుచుకొని
మెల్లగ అన్నది, ఏర్.

ఏరు కాదు బిడ్డా, ఏరంటే అగో అక్కడ పారేది!
తెలుగులకు ఎప్పుడు జారిన్నో నాకే తెలువదు.
కిటికీల నుంచి వాగు చూపెట్టిన.
సుక్కి వాగును చూసింది, గిలాసను చూసింది,
ఈమెకు ఏమైంది అన్నట్టు నన్ను చూసి
మళ్ళ అన్నది, ఏర్.
ఈసారి పదమూడుగురూ అన్నరు.

మా నాయినమ్మ బిందె చంకన పెట్టి
ఏటికి పోయొస్త అనేది.
బిందెల తెచ్చినంక దాన్ని నీళ్ళనేది.
ఒడ్డు దాటంగనే పేరెందుకు మారుతదో
నేనెన్నడు అడగలె.

నల్లబల్ల మీద పాణీ అని రాసిన.
కింద ఏర్ అని రాద్దామంటే సుద్దముక్క ఆగింది.
ఏ లిపిల?
నాగరిల రాసిన, తప్పే రాసిన్నేమో.
సుక్కికి ఇంకా చదువ రాదు,
తన మాట తనను చూస్తున్నదని దానికి తెలువలె.

మేడం రాసింది: ఉద్దేశం నుంచి పక్కకు పోయింది.
నల్లబల్ల వాడకం బాగుంది. ఇరవైకి పదకొండు.
పోతూ పోతూ వాగు ఒడ్డున
చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని ఆమెనే అడిగింది,
మీ తెలుగుల ఏరంటే నిజంగ పారేదేనా?

ఇప్పపూల దినాలు వచ్చినయి.
బడిల ముగ్గురు మిగిలిండ్రు, అందుల ఇద్దరికి జరం.
చీకట్లనే గుల్లల వెంట నేనూ పోయిన.
గణితం, ఇరవై లోపు కూడికలు, అని బుక్కుల రాసుకున్న.
అబద్ధం. నడుం నొచ్చేదాక పూలేరిన, అంతే.
సుక్కి నా గుల్ల చూసి
ఆకులూ పుల్లలూ తీసి పారేసింది,
నేను తప్పులు దిద్దినంత ఓపికగ కూడ కాదు.

నలభయ్యో దినం గురూజీ ముద్ర కొట్టిండు,
సిరా ఆరి సగమే పడ్డది.
సుక్కి వాగు దాక వచ్చింది.
వచ్చే ఏడు నువ్వేనా అని సైగ చేసింది.
కాదన్న. కొత్త అక్క వస్తదన్న,
సగం మరాఠీ, సగం చేతులు.
కొంచెం సేపు ఇసుక తన్నింది.
తర్వాత ఏదో అన్నది, నాకందినంత వరకు
ఆమెకు సుత మొదటి నుంచి చెప్పాలెనా అని.

బస్సు హారన్ కొడుతున్నది.
చెప్పులు చేతిల పట్టుకొని ఏర్‌ల దిగిన.