నొప్పి చెయ్యి ముందు

తెల్లారుజామున నాలుగుంబావుకి
ఖాకీ కోటుతో మొదలవుతుంది పేచీ.
తొడిగేటప్పుడు నొప్పి చెయ్యి ముందు,
విప్పేటప్పుడు నొప్పి చెయ్యి చివర.
ఫిజియోథెరపీ పిల్ల చెప్పిన ఈ ఒక్క మాట
ఇరవై రెండేళ్ళ సర్వీసులో
ఏ సర్క్యులరూ చెప్పలేదు నాకు.
జడ మా చిన్నది వేస్తుంది,
నిద్రకళ్ళతో, పాయలు తప్పుతూ.
వెనక హుక్కుల రవికలన్నీ
అక్కకిచ్చేశాను.

ఒంగోలు డాక్టరు ఫిల్ము చూడకముందే అడిగాడు
షుగరుందా అని.
ఉంది.
అయితే ఇది ఫ్రోజెన్ షోల్డరు,
భుజం గడ్డకట్టిందమ్మా,
ఏడాది పట్టుద్ది, రెండేళ్ళూ పట్టుద్ది,
దానంతటదే కరుగుద్ది అన్నాడు.
నవ్వొచ్చింది నాకు.
రోహిణి కార్తెలో కనిగిరి,
తారు చెప్పుకంటుకునే ఊరు,
కుండలో నీళ్ళు కూడా చల్లబడని ఊరు,
అక్కడ గడ్డకట్టింది
నా భుజమొక్కటే.

బస్సులో తాడు పైనుంటుంది.
ఒకసారి లాగితే ఆగమని,
రెండుసార్లు లాగితే పొమ్మని.
ఇన్నేళ్ళు లాగాను,
అక్కడొక చెయ్యి ఉందని ఒక్కరోజూ గుర్తు రాలేదు.
ఇప్పుడా తాడు చుక్కల్లో ఉంది.
టిక్కెట్టు మిషనుతో కమ్మీని కొడతాను.
టక్ అంటే ఆగు.
టక్‌టక్ అంటే పోనీ.
డ్రైవరు కరీముల్లా మొదట్లో అద్దంలో చూసేవాడు,
ఇప్పుడు చూడడు.
రోజంతా నోరారా రైట్ రైట్ అంటాను,
నా రైటు సంగతి నాకే తెలుసు.

పొదిలి దాటాక గుంతలు.
గుంతకొకసారి భుజంలో ఎవరో మేకు తిప్పుతారు.
సరిగ్గా అప్పుడే
నలభై రూపాయల టిక్కెట్టుకి
ఐదొందల నోటు చాపుతాడొకడు.
కోపం చిల్లర మీదో, భుజం మీదో
అరిచాక కూడా తెలీదు.
"ఏందమ్మే, పొద్దున్నే మిరపకాయ నమిలొచ్చావా?"
మిరపకాయ కాదయ్యా.
రాత్రి మూడింటిదాకా
ఎటు తిరిగి పడుకోవాలో తేలని నిద్ర.

లైటు డ్యూటీకి కాగితం పెట్టమన్నారు, పెట్టాను.
మెడికల్ బోర్డుకి పంపుతామన్నారు.
అక్కడ ఎవరో ఒక్క మాట రాస్తే చాలు,
పిల్ల కాలేజీ ఫీజు, ఇంటి లోను
ఆ మాట కింద పడి నలుగుతాయి.
మర్నాడే కాగితం వెనక్కి తీసుకున్నాను.
ఆ సంతకం పెట్టేటప్పుడు మాత్రం
చెయ్యి ఏమీ నొప్పెట్టలేదు.

ఒంగోలు డిపో రెస్టు రూములో
గోడకెదురు నిలబడి వేళ్ళు పాకిస్తాను,
బల్లిలాగా, అంగుళం అంగుళం.
ఆగినచోట పెన్సిలు గీత, పక్కన తేదీ.
"ఏందక్కా ఈ లెక్క?" అంది కొత్తగా చేరిన కందుకూరమ్మాయి.
కలెక్షనమ్మా, అన్నాను.
మే నెలంతా గీతలు ఒకదానిమీదొకటి కూర్చున్నాయి.
జూన్‌లో ఒకటి
కిందికి దిగింది కూడా.

నిన్న చినారికట్ల దగ్గర ఓబులమ్మ ఎక్కింది.
ఫ్లోరైడు నీళ్ళు తాగీ తాగీ
మెడ తిరగదు, నడుము నిలవదు.
ఇన్నేళ్ళూ ఆమెని
జబ్బ పట్టి ఒక్క గుంజు గుంజి ఎక్కించేదాన్ని,
తొరగా తొరగా అంటూ.
నిన్న చెయ్యి చాచాను.
సగంలో ఆగిపోయింది.
ఆమె చెయ్యీ సగందాకానే లేచింది.
మధ్యలో జానెడు ఖాళీ,
బస్సు బస్సంతా చూస్తోంది.
"నీక్కూడానా తల్లే?" అంది.

కరీముల్లా ఇంజను ఆపాడు.
కిందికి దిగి, మంచి భుజం ఆమెకానించాను.
ఒక మెట్టు.
ఊపిరి.
ఇంకో మెట్టు.
ఎవరూ ఎవర్నీ గుంజలేదు.

సీట్లో సర్దుకున్నాక, కిటికీలోకి చూస్తూ అంది:
"నువ్వు గుంజిన్రోజు రాత్తిరంతా నిద్దరుండేది కాదులే.
బస్సెల్లిపోద్దని చెప్పలా."

నేనేం అన్లేదు.
మిషన్లోంచి టిక్కెట్టు నెమ్మదిగా వచ్చింది.
అది ఆమె చేతిలో పెట్టి,
వేళ్ళు దానిమీద ముడుచుకునేదాకా ఉండి,
అప్పుడు కొట్టాను కమ్మీని
టక్‌టక్.