పదిహేడో మడికి నోటీసు

ఉత్తర సముద్రం మీంచి పొగమంచు
ఫైఫ్ తీరాన మా ఊరి తోటల్లోకి దిగే వేళ
టేపూ నోటుపుస్తకమూ పట్టుకుని వెళ్లాను.
కమిటీ కార్యదర్శిని. కొలవడం నా పని.
గడ్డి మోకాలు దాటితే నోటీసు,
చెత్త పోగుపడితే నోటీసు.
పదిహేడో మడిలో రెండూ ఉన్నాయి.

ఎఫీ గెడ్డెస్. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి,
ఒక్క నిమిషం ఆలస్యం ఒప్పుకునేది కాదంటారు.
అలాంటిది
మడి నడుమ మట్టి పోసి గట్టు కట్టింది,
గట్టు మీద కుచ్చుగడ్డి నాటి కొడవలి మర్చిపోయింది.
పక్కన సగం పాతిన పుచ్చుమొద్దులు,
నేల మీద బోర్లా పడుకోబెట్టిన పాత తలుపు.

"ఏమిటిదంతా?"
"లాడ్జి," అంది. "అద్దె లేదు."

నిరుటిదాకా తనూ అందరిలాగే
నత్తలకని నీలం గుళికలు చల్లేది.
ఒక పొద్దున పాటపిట్ట
లెట్యూస్ వరసలో వెల్లకిలా పడి ఉంది,
ముక్కు చివర నీలం.
"ఆ రంగు నాదే," అంది ఎఫీ.
ఆ మాట దగ్గర ఆగిపోయింది.

తర్వాత, "రాత్రి పదకొండింటికి రా.
టార్చికి ఎర్ర కాగితం చుట్టుకో."

ఎందుకు వెళ్లానో ఇంట్లో చెప్పలేకపోయాను.
తడిలో మోకాళ్లూనాం ఇద్దరం.
తలుపు ఓరగా ఎత్తింది.
నల్లగా, ఊదారంగు అంచుతో
బొటనవేలు గోరు కంటే పెద్ద పెంకుపురుగు
ఒక్క క్షణం మమ్మల్ని లెక్కచేసి
లెక్కలోంచి తీసేసి
లెట్యూస్ వైపు నడిచింది.
గుల్లలేని నత్త ఒకటి దొరికింది దానికి.
చప్పుడు వినపడేంత దగ్గరగా ఉన్నాం.

"వీపు పెంకులు అతుక్కుపోయి పుట్టింది,
ఎగరలేదు," అంది ఎఫీ గుసగుసగా.
"ఎంత దూరమైనా కాళ్లతోనే.
తెల్లారేసరికి చేరుకునే చోట ఇల్లుండాలి మరి.
చివరి స్టాపు దాటి ఎవర్నీ దింపకూడదు."

టేపు తీశాను, అలవాటు.
గట్టు నుంచి లెట్యూస్ దాకా నాలుగు మీటర్లు.
నా నాలుగో మడి దాకా అరవై.
నా మడిలో ఒక్క ఎండుటాకు ఉండదు,
అంచులు కత్తితో కోసినట్టుంటాయి,
మూడేళ్లు వరసగా బహుమతి నాదే.

పుస్తకంలో ఇలా రాశాను:
గడ్డి, మోకాలు దాటింది.
చెత్త, కాపురం ఉంది.

కమిటీ ఏమంటుందో గురువారం తెలుస్తుంది.
ఈలోగా కంచె పక్కన జానెడు నేల
తవ్వకుండా వదిలేశాను.
పలక ఒకటి పరిచాను.
రోజూ ఎత్తి చూడొద్దంది ఎఫీ.
రోజూ ఎత్తుతున్నాను.
ఇంకా చీమలే.